కార్జపు జలగది ఏ కుటుంబం?

మన డిగ్రీ కళాశాలల్లో జంతుశాస్త్రం చదివిన ప్రతి విద్యార్థీ రికార్డు పుస్తకంలో ఒకసారైనా కార్జపు జలగ, అంటే కాలేయంలో బతికే బల్లపరుపు పరాన్నజీవి అయిన ఫాసియోలా హెపాటికా బొమ్మ గీసి, కొమ్మలు కొమ్మలుగా చీలిన పేగునూ, ముష్కాలనూ, పట్టు కోసం ఉండే గిన్నెల్లాంటి రెండు చూషకాలనూ గుర్తించి ఉంటాడు. అయితే తెలుగు నేల మీద మేసిన గేదె కార్జాన్నో గొర్రె కార్జాన్నో కోసినప్పుడు పైత్యనాళంలోంచి బయటపడే జలగ ప్రధానంగా ఆ బొమ్మలోనిది కాదు. అది దాని దగ్గరి బంధువైన ఫాసియోలా జైగాంటికా. హెపాటికా చల్లని ప్రాంతాల జీవి. మన దేశంలో అది హిమాలయ ప్రాంతపు పశువుల్లో కనిపిస్తుంది. మైదానాల్లో పశువులను పీడించేది జైగాంటికా. దీనిని 1855లో కోబోల్డ్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త ఒక జిరాఫీ కాలేయంలో చూసి వేరే జాతిగా వర్ణించాడు. అంటే మనం చదువుకున్నది ఐరోపా గొర్రెల జలగను, మన ఊళ్లో పశువైద్యుడు మందు పోసేది మరో దానికి.

ఈ రెండింటి మధ్య తేడాను కొంతవరకు కంటితోనే పట్టుకోవచ్చు. హెపాటికా సుమారు 20 నుంచి 30 మిల్లీమీటర్ల పొడవుంటుంది. ముందు శంకువులాంటి చిన్న మొన, దాని వెనుక స్పష్టంగా వెడల్పైన భుజాలు, అక్కడి నుంచి తోక వైపు సన్నబడే శరీరం. జైగాంటికా 75 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది; భుజాలు అంతగా తేలవు, రెండు పక్కలూ చాలా మేరకు సమాంతరంగా సాగి వెనుక గుండ్రంగా ముగుస్తాయి. గుడ్లలోనూ తేడా ఉంది. హెపాటికా గుడ్డు 130 నుంచి 150 మైక్రాన్ల పొడవుంటే, జైగాంటికాది 150 నుంచి 190 వరకూ ఉంటుంది. కానీ ఈ రెండు కొలతలూ 150 దగ్గర ఒకదానికొకటి ఆనుకునే ఉన్నాయన్నది గమనించాలి. జపాన్, కొరియా, చైనా వంటి దేశాల పశువుల్లో ఇటూ అటూ కాని మధ్యస్థ రూపాలు దొరుకుతాయి. వాటిలో చాలావాటికి సరైన శుక్రకణాలు ఏర్పడవు, ఫలదీకరణ లేకుండానే గుడ్లు పెడతాయి, కొన్నింటిలో క్రోమోసోములు రెండు సెట్లకు బదులు మూడు సెట్లుగా ఉంటాయి. డీఎన్‌ఏ పరీక్షిస్తే రెండు జాతుల గుర్తులూ ఒకే పురుగులో బయటపడ్డాయి. రెండు జాతులని పుస్తకంలో రాసుకున్న గీత ప్రకృతిలో అక్కడక్కడా చెరిగిపోయిందన్నమాట.

జాతి దగ్గరే ఇంత చిక్కు ఉంటే, దానికి పైనున్న ప్రజాతి, కుటుంబం, క్రమం, విభాగం సంగతి చెప్పనక్కర లేదు. ట్రెమటోడా అని మనం పిలిచే ఈ పరాన్నజీవుల వర్గీకరణ చరిత్ర చదివినకొద్దీ, అది ఒక ఆకర్షణీయమైన తప్పుడు ఆధారం నుంచి బయటపడేందుకు జరిగిన సుదీర్ఘ ప్రయత్నంగానే నాకు కనిపిస్తుంది. ఆ ఆధారం చూషకం. చూడగానే కంటికి ఆనేది, గీయడానికి సులువైనది, లెక్కపెట్టడానికి వీలైనది అదే కాబట్టి, చాలాకాలం దానినే నమ్ముకున్నారు.

తొలి దశను క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. 1758లో లినేయస్ ఈ పురుగులన్నింటినీ వెర్మీస్ అనే ఒక పెద్ద గంపలో వేశాడు. ఫాసియోలా ప్రజాతి ఆయన పెట్టినదే; కానీ అందులో కార్జపు జలగతో పాటు ఫాసియోలా ఇంటెస్టినాలిస్ పేరుతో ఇంకొక పురుగును కూడా చేర్చాడు. అది నిజానికి చేపల్లో, పక్షుల్లో ఉండే లిగ్యులా అనే బద్దెపురుగు. అర్ధశతాబ్దం తరువాత, 1808లో రుడోల్ఫీ పేగుపురుగులను ఐదు క్రమాలుగా విడదీసినప్పుడు ట్రెమటోడా అనే పేరు స్థిరపడింది. ఆ ఐదింటిలో సిస్టికా అనే క్రమం ఒకటి ఉండేది. పంది మాంసంలో కనిపించే తిత్తిపురుగుల వంటివన్నీ అందులోకి వెళ్లాయి. 1850లలో కుషెన్‌మీస్టర్ ఆ తిత్తులను జంతువులకు తినిపించి, అవి బద్దెపురుగుల డింభకాలే తప్ప వేరే జీవులు కావని నిరూపించాక ఆ క్రమం మొత్తం ఎగిరిపోయింది. డింభకాన్నీ ప్రౌఢజీవినీ వేర్వేరు జంతువులుగా లెక్కగట్టిన పొరపాటు ఇది. ట్రెమటోడుల్లో ఇదే పొరపాటు ఇంకా పెద్ద ఎత్తున జరిగింది.

ఇక చూషకాల సంగతి. ఒకే చూషకం ఉంటే మోనోస్టోమా. నోటి దగ్గర ఒకటి, పొట్ట మీద ఒకటి ఉంటే డిస్టోమా. నోటి దగ్గర ఒకటి, వెనుక చివర ఒకటి ఉంటే ఆంఫిస్టోమా. పందొమ్మిదో శతాబ్దంలో అధికభాగం ఈ లెక్కతోనే గడిచింది. కైరోలో బిల్‌హార్జ్ 1851లో మనిషి రక్తనాళాల్లో కనిపెట్టిన పురుగు డిస్టోమా హీమటోబియం అయింది. కలకత్తాలో 1874లో మెకానెల్ ఒక చైనా వడ్రంగి శవపరీక్షలో పైత్యనాళాల నిండా చూసిన పురుగుకు కోబోల్డ్ మరుసటి ఏడాది డిస్టోమా సైనెన్స్ అని పేరు పెట్టాడు. ఆమ్‌స్టర్‌డామ్ జంతుప్రదర్శనశాలలో చనిపోయిన ఒక బెంగాల్ పులి ఊపిరితిత్తుల్లో దొరికినదానిని 1878లో కెర్బర్ట్ డిస్టోమా వెస్టర్‌మానై అన్నాడు. గొర్రె కార్జంలోనిది అంతకుముందే డిస్టోమా హెపాటికంగా చెలామణీలో ఉంది. రక్తంలో ఒకటి, కార్జంలో ఒకటి, పైత్యనాళంలో ఒకటి, ఊపిరితిత్తిలో ఒకటి, నాలుగూ ఒకే ప్రజాతి! ఇవాళ ఈ నాలుగూ నాలుగు వేర్వేరు కుటుంబాలు: షిస్టోసోమాటిడే, ఫాసియోలిడే, ఒపిస్థార్కిడే, పారగోనిమిడే. మొదటిదైతే మిగతా మూడింటితో ఒకే క్రమంలో కూడా లేదు.

వానలో గొడుగు పట్టుకున్న వాళ్లందరిదీ ఒకే ఇంటిపేరు అనుకుంటే ఎలా ఉంటుందో, ఇదీ అలాగే ఉంది. పరాన్నజీవికి అతిథేయి, అంటే తాను ఆశ్రయించిన జీవి శరీరంలో పట్టు కావాలి. పట్టు కోసం చూషకం కావాలి. అది ఎక్కడ, ఎంత పెద్దదిగా ఉండాలన్నది ఆ పురుగు నివసించే అవయవాన్ని బట్టి మారుతుంది. అవసరం ఒకటే అయితే దూరపు వంశాల్లోనూ ఒకే రూపం వస్తుంది. అవసరం తీరితే దగ్గరి బంధువుల్లోనూ అది మాయమవుతుంది. ఈజిప్టులో పనిచేసిన ఆర్థర్ లూస్ 1899లో డిస్టోమా అనే ఈ మహాప్రజాతిని నిర్దాక్షిణ్యంగా ముక్కలు చేశాడు. ముష్కాల స్థానం, అండాశయం, గర్భాశయపు చుట్లు, పీతక గ్రంథులు, విసర్జక కోశం ఇలా లోపలి నిర్మాణం మొత్తాన్ని చూస్తే తప్ప ప్రజాతిని నిర్ణయించకూడదన్నది ఆయన పట్టుదల. ఈనాటి ప్రజాతులు, కుటుంబాలు చాలావాటి పునాది అక్కడే ఉంది. మెకానెల్ చూసిన పురుగును, ముష్కాలు కొమ్మలుగా చీలి ఉన్నాయన్న కారణంగా, 1907లో క్లోనార్కిస్ అనే కొత్త ప్రజాతిలో పెట్టినది కూడా లూసే. ఆ ఒక్క లక్షణం వేరే ప్రజాతికి సరిపోతుందా, దానిని ఒపిస్థార్కిస్‌లోనే ఉంచాలా అన్న వాదన ఇప్పటికీ సాగుతూనే ఉంది.

లూస్ చేసినది ప్రౌఢజీవిని మరింత శ్రద్ధగా చూడడం. అసలు సాక్ష్యం ప్రౌఢజీవిలో కాక డింభకంలో ఉండవచ్చునన్న ఆలోచనకు వేరే చరిత్ర ఉంది. 1773లో ఓ. ఎఫ్. ముల్లర్ నీటిలో తోక ఆడిస్తూ ఈదే సూక్ష్మజీవులను చూసి, అవేవో స్వతంత్ర జీవులనుకొని, సెర్కేరియా అని ప్రజాతి పేరు పెట్టాడు. అవి నత్తలోంచి వచ్చే ట్రెమటోడు పిల్లలని, ఒక తరం రూపానికీ తరువాతి తరం రూపానికీ పోలికే లేకుండా తరాలు మారుతూ వస్తాయని 1842లో డెన్మార్కుకు చెందిన స్టీన్‌స్ట్రప్ వాదించాడు. 1858లో బెల్జియం శాస్త్రవేత్త వాన్ బెనెడెన్ ఈ ఆధారంతోనే ట్రెమటోడులను రెండుగా చీల్చాడు: గుడ్డులోంచి వచ్చిన పిల్ల నేరుగా ప్రౌఢజీవి అయ్యేవి ఒక వైపు, మధ్యలో నత్తలో అలైంగికంగా వృద్ధి చెందే తరాలు ఉన్నవి మరో వైపు. మోనోజీనియా, డైజీనియా అని మనం చదివే పేర్లు అక్కడి నుంచి వచ్చినవే. 1881, 1883 మధ్య ఆక్స్‌ఫర్డ్‌లో థామస్, లైప్‌జిగ్‌లో లాయికార్ట్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా కార్జపు జలగ జీవితచక్రాన్ని మొదటి నుంచి చివరి దాకా తేల్చారు. గుడ్డులోంచి శైలికలతో ఈదే మిరాసీడియం, నత్తలో స్పోరోసిస్టు, దానిలో రీడియాలు, వాటిలో సెర్కేరియాలు, గడ్డి మీద గట్టిపడిన మెటాసెర్కేరియా, ఆ గడ్డి మేసిన పశువు. ఇదంతా పరీక్షల కోసం అందరం కంఠస్థం చేసినదే కాబట్టి ఇక్కడ విస్తరించను.

సెర్కేరియాను ఒకసారి ప్రత్యక్షంగా చూస్తే మాత్రం ఈ విషయం మరో రకంగా అర్థమవుతుంది. మన చెరువుల్లో, పొలం కాలువల్లో ఇండోప్లానార్బిస్ ఎక్సస్టస్ అనే నత్త ఉంటుంది. గుల్ల చక్రంలా ఒకే తలంలో చుట్టుకొని ఉంటుంది. అలాంటి నత్తలను ఒక్కొక్కదాన్ని వేరువేరుగా గాజు గ్లాసులో మంచినీళ్లలో వేసి వెలుతురులో పెడితే, పరాన్నజీవి సోకిన నత్త నుంచి కొద్దిసేపట్లోనే తెల్లటి నలకలు వెలువడి నీటిలో కదలాడతాయి. ఆ నీళ్లలో ఒట్టి చేయి పెట్టకూడదు. పశువుల రక్తనాళాల్లో బతికే రక్తజలగల (షిస్టోసోమాల) సెర్కేరియాలు మన చర్మంలోకి కూడా దూరి, ముందుకు పోలేక అక్కడే చచ్చి, దద్దురునూ దురదనూ మిగులుస్తాయి. ఒక చుక్కను సూక్ష్మదర్శిని కింద పెడితే, ఒక నత్త నుంచి వచ్చిన వాటికి తోక చివర పంగలా చీలి ఉంటుంది, ఇంకొక నత్త నుంచి వచ్చిన వాటికి తోక నిటారుగా ఉండి, శరీరం మీద రెండు నల్లటి కంటిచుక్కలు కనిపిస్తాయి. మరొక రకానికి నోటి చూషకంలో సూదిమొన లాంటి ముల్లు ఉంటుంది. కవర్‌స్లిప్ బరువుకు సెర్కేరియా కాస్త అణగి కదలిక తగ్గినప్పుడు, ఓపిక ఉన్నవారికి లోపల జ్వాలా కణాలు అనే విసర్జక కణాలు మిణుకుమిణుకుమంటూ కనిపిస్తాయి. వాటి సంఖ్య, అమరిక ఒక్కో సమూహంలో ఒక్కో క్రమంలో ఉంటాయి కాబట్టి వాటిని సూత్రంగా రాస్తారు. ఉదాహరణకు ప్లాజియార్కిస్ బంధువుల్లో 2[(3+3+3)+(3+3+3)], అంటే రెండు పక్కలా కలిపి 36. అతిథేయి పేగులో పట్టు కోసం చూషకం మారినట్టు ఈ సంఖ్య మారదు. అందుకే దీనికి వంశసాక్ష్యంగా విలువ. ఈ పని మన దేశంలో చాలా ముందుగానే జరిగింది. 1922లో సేమూర్ సెవెల్ భారతదేశపు సెర్కేరియాలను వర్ణిస్తూ ప్రచురించిన గ్రంథాన్ని ఇక్కడి సెర్కేరియాల మీద పనిచేసేవారు ఇప్పటికీ తిరగేయవలసిందే.

డింభకం చెప్పిన సాక్ష్యానికి నాకు తెలిసినంతలో అన్నింటికన్నా గొప్ప ఉదాహరణ రక్తజలగలది. షిస్టోసోమా ప్రౌఢజీవి తక్కిన ట్రెమటోడులకు ఏ విధంగానూ పోలి ఉండదు. దాదాపు అన్ని ట్రెమటోడులూ ఉభయలింగులు కాగా, ఇందులో ఆడ, మగ వేరు; మగ పురుగు తన శరీరపు అంచులను ముడిచి ఏర్పరచిన కాలువలో సన్నటి ఆడ పురుగును పెట్టుకొని సిరలో జీవిస్తుంది. మరోవైపు పక్షుల పేగుల్లో ఉండే స్ట్రిజియా, డిప్లోస్టోమం వంటివి పొట్టిగా, శరీరం రెండు భాగాలుగా విడి, ముందు భాగం దొప్పలా వంగి, అదనపు పట్టు అవయవంతో ఉంటాయి. ప్రౌఢరూపాలను పక్కపక్కన పెట్టి చూసిన వారెవరూ వీటిని చుట్టాలనరు. సెర్కేరియాలను పెట్టి చూస్తే మాత్రం రెండింటికీ అదే పంగతోక. 1957లో అమెరికాకు చెందిన లా రూ ప్రకటించిన వర్గీకరణలో ఈ రెండు సమూహాలూ ఒకే గూటికి చేరాయి.

లా రూ వ్యవస్థ ఒక తరం మొత్తానికి ప్రామాణికమైంది. ఆయన ఎంచుకున్న మూలలక్షణం విసర్జక కోశపు గోడ. డింభకం ఎదిగేటప్పుడు మొదట ఏర్పడిన పలుచని గోడే చివరిదాకా మిగిలితే అనెపిథీలియోసిస్టిడియా. దాని స్థానంలో కణాలతో కూడిన మందమైన కొత్త గోడ ఏర్పడితే ఎపిథీలియోసిస్టిడియా. ఈ రెండు పేర్లను నోరు తిరిగేలా పలకడమే ఒక పరీక్షగా ఉండేదని పాతతరం అధ్యాపకులు నవ్వుతూ చెప్పేవారు. ఈ లెక్కలో కార్జపు జలగా, దాని బంధువులైన ఎకైనోస్టోములూ పలుచని గోడ కారణంగా రక్తజలగల వైపుకు పోయాయి; క్లోనార్కిస్, ప్లాజియార్కిస్ బంధువులు రెండో వైపుకు పోయాయి. చూషకాన్ని వదిలిపెట్టి, ఎదుగుదలలోంచి లక్షణాన్ని తీసుకోవడం సరైన అడుగే. కానీ ఒక్క లక్షణానికే మొత్తం వంశవృక్షపు బరువునంతా మోపడమనే పాత అలవాటు ఇక్కడా పోలేదని నా అభిప్రాయం.

2003లో ఓల్సన్, క్రిబ్, టకాచ్, బ్రే, లిటిల్‌వుడ్ కలిసి 77 కుటుంబాలకు చెందిన 163 డైజీనియా రూపాల రైబోసోమ్ జన్యువులను పోల్చి ఒక వంశవృక్షాన్ని ప్రచురించారు. దాని ప్రకారం డైజీనియాలో రెండే క్రమాలు: డిప్లోస్టోమిడా, ప్లాజియార్కిడా. పంగతోకల గూడు నిలబడింది. షిస్టోసోమా, డిప్లోస్టోమం ఒకే క్రమంలో ఉన్నాయి. అయితే నత్త కొమ్ముల్లోకి దూరి రంగురంగుల పురుగులా ఆడి పక్షులను ఆకర్షించే ల్యూకోక్లోరిడియం బంధువులు కూడా అదే క్రమంలో ఉన్నాయి. వాటి సెర్కేరియాకు తోకే లేదు. ఇక కోశపు గోడ మీద కట్టిన మొదటి చీలిక కూలిపోయింది. కార్జపు జలగ రక్తజలగల పక్క నుంచి లేచి, ఎకైనోస్టోములతో సహా, క్లోనార్కిస్, ఊపిరితిత్తుల జలగ అయిన పారగోనిమస్‌ ఉన్న ప్లాజియార్కిడాలోకి వెళ్లింది.

చూషకాల లెక్కకు చివరి దెబ్బ కూడా ఈ వృక్షంలోనే ఉంది. గేదె మొదటి పొట్టను చీల్చినప్పుడు గోడకు అంటుకొని, గులాబీ రంగులో, దానిమ్మ గింజల గుత్తుల్లా కనిపించే పొట్ట జలగలు ఆంఫిస్టోములు. వెనుక చివర పెద్ద చూషకం వాటి గుర్తు. బాతుల పేగు చివరన ఉండే నోటోకోటైలస్‌కు ఉన్నది నోటి చూషకం ఒక్కటే, అది మోనోస్టోము. పాత లెక్కలో ఈ రెండూ రెండు వేర్వేరు మూలసమూహాలు. జన్యువుల ప్రకారం ఇవి ప్రోనోసెఫలాటా అనే ఒకే ఉపక్రమంలోని సోదర శాఖలు. నిజానికి రెండింటి సెర్కేరియాలకూ కంటిచుక్కలు ఉండడం, రెండూ ఏ రెండో అతిథేయి లోపలికీ దూరకుండా బయటే గడ్డి మీదో గుల్ల మీదో గట్టిపడడం డింభకాలను చూసినవారికి ముందే తెలుసు. చూషకం పూర్తిగా నిరుపయోగమని కూడా అనకూడదు. ఆంఫిస్టోముల్లో ప్రజాతులను విడదీయడానికి 1937లో నాస్మార్క్ చూపిన మార్గం చూషకపు నిలువుకోతలో కండర కట్టల అమరికను చదవడం. దానిని ఇప్పటికీ వాడుతున్నారు. ఎన్ని ఉన్నాయి, ఎక్కడున్నాయి అనే ప్రశ్న తప్పుదారి పట్టించింది కానీ, లోపల ఎలా కట్టి ఉంది అనే ప్రశ్న పనికివచ్చింది.

జన్యువులు వచ్చాక వివాదాలు ముగిశాయనుకోవడం అమాయకత్వం. 2015లో మైటోకాండ్రియా జన్యువులను పోల్చినప్పుడు డిప్లోస్టోమం తన క్రమాన్ని వదిలి ప్లాజియార్కిడా వైపు మొగ్గింది. అంటే డిప్లోస్టోమిడా అసలు ఒక వంశమే కాదేమోనన్న సందేహం తలెత్తింది. 2018లో కేంద్రకపు జన్యుభాగాలను పెద్ద సంఖ్యలో పోల్చి చూసిన మరో అధ్యయనం ఆ క్రమం సరైనదేనని తిరిగి నిలబెట్టింది. ఒకే పురుగు కణంలోని రెండు రకాల డీఎన్‌ఏ రెండు వంశావళులు చెప్పినప్పుడు దేనిని నమ్మాలో నిర్ణయించేది చివరికి మనిషి తర్కమే.

డైజీనియా గురించి ఇంత చెప్పి ఆస్పిడోగాస్ట్రియాను మరిచిపోకూడదు. ట్రెమటోడా విభాగంలో ఇది రెండో ఉపవిభాగం, కొన్ని పదుల జాతులు మాత్రమే ఉన్న చిన్న గుంపు. డైజీనియాలో వర్ణితమైన జాతులు దాదాపు 18,000 అన్న లెక్కతో పోలిస్తే ఇది చిటికెడు. పొట్ట అడుగున గళ్లుగళ్లుగా విభజించిన పెద్ద పట్టు పలక దీని గుర్తు. మంచినీటి ఆల్చిప్పల్లో ఉండే ఆస్పిడోగాస్టర్ కాంకికోలాను 1827లో వాన్ బేయర్ వర్ణించాడు. దీనికీ నత్తలు, ఆల్చిప్పల వర్గమైన మొలస్కా జీవితోనే పని. కానీ లోపల రీడియాలు, సెర్కేరియాల వంటి వృద్ధి లేదు, పిల్ల పెరిగి పెద్దదవుతుంది, అంతే. ట్రెమటోడులు మొదట మొలస్కా జీవుల పరాన్నజీవులుగా ఉండి, వెన్నెముక గల జంతువులను తరువాతనే పట్టుకున్నాయన్న వాదనకు ఈ చిన్న గుంపే పెద్ద ఆధారం. డైజీనియాలోనూ మొదటి అతిథేయి దాదాపు ఎప్పుడూ మొలస్కా జీవే. చేపల రక్తజలగల్లో కొన్ని మాత్రం నత్తకు బదులు వలయపురుగుల్లో పెరుగుతాయి.

మోనోజీనియా సంగతి ఇంకా ఆసక్తికరం. చేపల మొప్పలకూ పొలుసులకూ కొక్కేలతో అంటుకొని ఉండే ఈ పురుగులను వాన్ బెనెడెన్ ట్రెమటోడాలోనే ఒక శాఖగా ఉంచాడు. మన పాఠ్యపుస్తకాల్లో కొన్ని ఇంకా అలాగే చెబుతున్నాయి. 1937లోనే రష్యన్ శాస్త్రవేత్త బిఖోవ్‌స్కీ వీటి డింభకపు కొక్కేలు బద్దెపురుగుల డింభకపు కొక్కేలను పోలి ఉన్నాయని చూపి, వీటిని ట్రెమటోడా నుంచి వేరుచేయాలన్నాడు. 1985లో ఏలర్స్ ట్రెమటోడా, మోనోజీనియా, సెస్టోడా మూడింటినీ కలిపి నియోడెర్మాటా అన్నాడు. దీనికి ఆధారం చర్మం. ఈదే డింభకపు శైలికల చర్మం అతిథేయిని చేరగానే రాలిపోయి, దాని కింద నుంచి కణాల మధ్య గోడలు లేని ఒకే జీవపదార్థపు పొర శరీరమంతా కమ్ముకుంటుంది. ఈ పొర మీదుగానే ఆహారం పీల్చుకోవడం, అతిథేయి రక్షణవ్యవస్థను ఎదుర్కోవడం జరుగుతాయి. స్వేచ్ఛగా బతికే బల్లపరుపు పురుగుల్లో ఇది లేదు. నియోడెర్మాటా ఒకే వంశమన్న మాటను జన్యువులు కూడా బలపరిచాయి. లోపల మాత్రం అమరిక మారుతూనే ఉంది. 2023లో బ్రాబెక్, సహచరులు జన్యుసముదాయాలను పోల్చి, ట్రెమటోడాకు దగ్గరి బంధువు బద్దెపురుగులేనని, మోనోజీనియా ఒకే వంశం కాదని తేల్చి, దానిని మోనోపిస్థోకోటైలా, పాలీఒపిస్థోకోటైలా అని రెండు విభాగాలుగా చీల్చాలన్నారు. అదే నిజమైతే, బిఖోవ్‌స్కీని ఒప్పించిన ఆ కొక్కేల పోలిక ప్రత్యేక బంధుత్వానికి గుర్తు కాదు, ఉమ్మడి పూర్వీకుడి నుంచి మిగిలినదే అయి ఉండాలి. టర్బెల్లేరియా, మోనోజీనియా, ట్రెమటోడా, సెస్టోడా అనే నాలుగు విభాగాల పట్టికలో ఇప్పుడు చెక్కుచెదరకుండా మిగిలినవి చివరి రెండే.

మన ప్రాంతానికి ఇందులో సొంత వాటా ఉంది. కోస్తా ఆంధ్ర పశువుల్లో ముక్కులో కండ పెరిగి, ఊపిరి తీసుకుంటే గురక శబ్దం వచ్చే గురక వ్యాధికి కారణం ముక్కు సిరల్లో ఉండే షిస్టోసోమా నాసేల్. దానికి 1933లో పేరు పెట్టినది ఎం. ఎ. ఎన్. రావు. బూమరాంగ్‌లా వంగి, ఒక కొసన ముల్లున్న గుడ్డును ముక్కు స్రావంలో చూస్తే నిర్ధారణ అయిపోతుంది. ఆవులు, ఎద్దుల్లో లక్షణాలు తీవ్రంగా ఉంటాయి, గేదెల్లో పెద్దగా బయటపడవు. ఇది ఆసియా జాతి కాబట్టి ఆసియాలోని షిస్టోసోమా జపోనికంకే దగ్గర అనుకోవడం సహజం. జన్యువులు మాత్రం దీనినీ, దీని బంధువైన షిస్టోసోమా స్పిండేల్‌నూ ఆఫ్రికా జాతుల పక్కన చేర్చాయి. హైదరాబాదు రాష్ట్రంలోని సరీసృపాల ట్రెమటోడుల మీద ఎస్. ఎస్. సింహా 1958లో ప్రచురించిన అధ్యయనం ఒక చివర ఉంటే, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జీవితకాలం ఈ పని చేసిన ఆర్. మాధవి, రాడ్నీ బ్రేతో కలిసి 2018లో వెలువరించిన భారత సముద్రపు చేపల డైజీనియా గ్రంథం మరో చివర ఉంది. మాధవి 1978లో మట్టగిడసలోని జెనార్కాప్సిస్ గొప్పో జీవితచక్రాన్ని తేల్చారు. అది చేరిన హెమియూరస్ సమూహపు సెర్కేరియా తన తోకతో చేసిన తిత్తిలోనే ముడుచుకొని కూర్చుంటుంది. కోపిపోడ్ అనే చిన్న నీటి జీవి దానిని కొరకగానే తిత్తిలోంచి ఒక సన్నటి గొట్టం దూసుకువచ్చి పేగు గోడను చీల్చి, సెర్కేరియాను నేరుగా దాని శరీరకుహరంలోకి చిమ్ముతుంది. హెమియూరస్ బంధువులందరినీ ఒక్కటిగా కట్టి ఉంచే లక్షణాల్లో ఈ విచిత్రమైన తోక ఒకటి.

కుటుంబం తెలిస్తే చికిత్స తెలుస్తుందా అని పశువైద్యం చదివే మిత్రులు అడుగుతుంటారు. నత్త విషయంలో చాలావరకు తెలుస్తుంది: ఫాసియోలాకు లిమ్నియా బంధువులు, మన పొట్ట జలగలకూ గురక జలగకూ చక్రంలా చుట్టిన ప్లానార్బిస్ బంధువులు. మందు విషయంలో ఆ ధీమా పనికిరాదు. ప్రాజిక్వాంటెల్ రక్తజలగల మీద పనిచేస్తుంది, మరో క్రమంలోని క్లోనార్కిస్ మీదా పనిచేస్తుంది, ఫాసియోలా కుటుంబంలోనిదే అయిన ఫాసియోలాప్సిస్ మీదా పనిచేస్తుంది. ఫాసియోలా మీద మాత్రం పనిచేయదు, దానికి ట్రైక్లాబెండజోల్ వంటివి ఇవ్వాలి. ఆ మందు వెళ్లి తగులుకునే అయాన్ ద్వారపు ప్రోటీనులో, ఫాసియోలాలో ఒక్క అమైనో ఆమ్లం మారి ఉండడమే ఇందుకు కారణమని 2021లో తేలింది.